తెల్ల జాడీల మీద నల్ల చుక్కలు

నేను ఒక ప్లాస్టిక్ బోరుబావి గొట్టం ముక్కను. పాతసామాన్ల కొట్లో పడి ఉన్న నన్ను మస్తానయ్య ఏరి తెచ్చి బాల్ మిల్లుగా మార్చాడు. రాతిపొడినీ గోళీలనూ కడుపులో వేసుకుని గిరగిరా దొర్లుతూ, ఆ పొడిని వెన్నలా మెత్తగా నూరడం నా పని. జాడీల మీద మెరిసే పూత దానితోనే వేస్తారు.

గూడూరు పక్కన జాడీల బట్టీ నడిపే తిరుపాలమ్మకు కొత్త మిల్లు కొనే స్తోమత లేదు. మస్తానయ్య ఆమె మరిది. మూలపడ్డ గ్రైండరు మోటారు, సైకిల్ ట్యూబు తొడిగిన రెండు కడ్డీలు, ఎవరిదో కుట్టుమిషను బెల్టు. నాలో నాదంటూ ఏదీ లేదు.

గోళీల దగ్గర మాత్రం వదినా మరుదులకు పేచీ వచ్చింది.

"పెన్న ఒడ్డున తెల్ల గులకరాళ్ళు ఏరుకొస్తా వదినా. ఒక్కరోజు పని పోద్ది, అంతే."

"రాయి అరిగిపోద్ది. ఇనుము అరుగుద్దా?" అంది తిరుపాలమ్మ. లారీ షెడ్డులో పాత బేరింగు గోళీలు అప్పటికే బేరమాడి తెచ్చేసింది.

నెల్లూరు పచ్చళ్ళ అంగడి రెండొందల తెల్ల జాడీలు అడిగింది. పాలలా ఉండాలని షరతు. నమూనాకు ఆరు కాల్చారు. బట్టీ తెరిస్తే ఆరింటి మీదా నల్ల చుక్కలు. రెండోసారీ అంతే. మూడోసారి తప్పితే పని పెంచలయ్య బట్టీకి పోతుందని అంగడివాళ్ళు తేల్చేశారు.

ఆ పెంచలయ్యతో మస్తానయ్య టీ కొట్టు దగ్గర నవ్వుతూ మాట్లాడటం తిరుపాలమ్మ కంటపడింది. అంతే, ఆమె చూపు మారింది. నా మూత తెరిచేదీ మూసేదీ అతనే కదా, పూతలో ఏదైనా కలుపుతున్నాడేమో. నిజం చెప్పాలంటే నాకూ అతని మీదే అనుమానం. అతని చెయ్యి దగ్గరికొస్తే చాలు, గోళ్ళ సందున మసి ఉందేమోనని చూసేదాన్ని.

మూడోసారి పొడిని ఆమే జల్లించి, నీళ్ళు కలిపి నాలో పోసింది. మూత బిగించి, ఎర్రదారం చుట్టి, తనకు మాత్రమే తెలిసిన ముడి వేసింది. పీట వేసుకుని ఎదురుగా కూర్చుంది. పొద్దుటి నుంచి నేను తిరుగుతూనే ఉన్నాను. ఆమె కన్ను తిప్పలేదు.

మధ్యాహ్నం మస్తానయ్య జారుతున్న బెల్టు సరిచేయబోయాడు.

"నువ్వు ముట్టుకోబాక. నే చూసుకుంటా."

అతను దారం చూశాడు.

"ఇది నా కోసమేనా వదినా?"

ఆమె బెల్టు సరిచేయడానికి వంగింది.

"నోటితో అడిగుంటే చెప్పేవాణ్ణి గదా. పన్నెండేళ్ళు నీ బట్టీ పొగ మింగినా."

సాయంత్రం ముడి చెక్కుచెదరలేదు. ఆమే విప్పి, పూతను బకెట్లోకి వంపింది. తెల్లగా ఉండాల్సిన దానికి బూడిద ఛాయ.

"ముడి నువ్వేసిందే. ఎవురూ ముట్టుకోలా. మరి ఇదేంది?" అన్నాడు మస్తానయ్య. బట్టీ బూడిదలో మేకులు ఏరే పాత స్పీకరు అయస్కాంతాన్ని తెచ్చి బకెట్లో ముంచాడు. పైకి తీస్తే దానికి నల్లటి గడ్డం మొలిచి ఉంది.

నా కడుపులోంచి ఒక గోళీ తీసి, వాడకుండా మిగిలిన గోళీ పక్కన పెట్టాడు. నాది చిన్నదైపోయింది. అరిగిన ఇనుమంతా పూతలో కలిసి, మంటకు నల్ల చుక్కలై తేలిందన్నమాట. నేను ఎవరి గోళ్ళు వెతికాను, దొంగను ఎక్కడ దాచుకుని తిరిగాను!

తిరుపాలమ్మ ఆ పూతను పారబోసింది. మర్నాడు ఒక్కతే బస్సెక్కి పెన్న ఒడ్డుకు పోయి, గోతం నిండా తెల్ల గులకరాళ్ళు మోసుకొచ్చింది. ఆ విడత జాడీలు పాలలా వచ్చాయి. పని దక్కింది. తప్పయిందని మాత్రం ఆమె నోటి వెంట రాలేదు.

ఇప్పటికీ పొద్దున్నే మస్తానయ్య నా మూత బిగించి, తనే ఎర్రదారం కడతాడు.

"ముడి చూసుకో వదినా."

ఆమె తలెత్తకుండా మట్టి పిసుకుతుంది. దారం వద్దని ఆమె అనదు, కట్టడం అతను మానడు. నాలో రాళ్ళు కొద్దికొద్దిగా అరుగుతున్నాయి. దారం మాత్రం రోజూ కొత్తదే.