గోటి గీత

దక్షిణామూర్తి బొటనవేలి గోటితో కొమ్మ మీద బెరడును కాస్త గీకి, కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు. గోధుమ రంగు. నిన్న చూసిన పక్క కొమ్మా ఇంతే. గీకినచోట పచ్చగా కనిపిస్తే చెట్టుకు ప్రాణం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నెల రోజులుగా బస్సు డ్యూటీకి వెళ్లేముందు ఇదే పని. మే నెల సగమైపోయింది. కంచె అవతల పంజాబీ వాళ్ల మేపుల్ చెట్టు అప్పుడే చంటిపిల్లల అరచేతులంత ఆకులు వేసేసింది. కొసకొమ్మలు కొన్ని తెగి ఉండటం కూడా ఇదివరకే గమనించాడు. ఉడతల పని అనుకుని వాటిని తిట్టుకున్నాడు.

తనది జపనీస్ మేపుల్. చెక్క తొట్టిలో నడుమెత్తుకు పెరిగి ఆగిపోయిన పొట్టి చెట్టు. ఆకులు దారాల్లా సన్నగా చీలి, కుంకుమ రంగులో కిందికి వాలుతాయి. ఆ రంగు చూసే భార్య మీనాక్షి పన్నెండేళ్ల కిందట నర్సరీలో దాని ముందు నుంచి కదలనని నిలబడిపోయింది. ఆవిడ పోయి నాలుగేళ్లు. చెట్టు మాత్రం ఏటా చిగురిస్తూనే వచ్చింది.

"వచ్చిందా అంకుల్?" బేస్‌మెంట్ మెట్ల మీద నిలబడి వర్షిణి అడిగింది.

"వస్తుందమ్మా. జపాన్ చెట్టు కదా, కాస్త లేటుగా నిద్ర లేస్తుంది."

"పక్కోళ్లది వచ్చింది గదా?"

"వాళ్లది వేరే రకం."

అబద్ధమైనా అతికినట్టుండాలంటారు. అతనికి ఆ విద్య అబ్బలేదు. అయినా ఈ ఒక్కరోజు గడిస్తే చాలు. ఇవాళ పదకొండింటికి వర్షిణి దూరాన ఉన్న సస్కటూన్ ఊరికి వెళ్లిపోతోంది. ఆ పిల్ల చేతుల్లోనే చెట్టు పోయిందని ఆమెకు తెలియకుండా సాగనంపాలి.

జగిత్యాల నుంచి కాలేజీ సీటుతో వచ్చి, రెండేళ్లుగా కింద గదిలో అద్దెకుంటోంది వర్షిణి. పగలు క్లాసులు, సాయంత్రం కాఫీ షాపులో పని. జనవరిలో దక్షిణామూర్తికి గుండె ఆపరేషన్ అయి పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. గోనెపట్టా చుట్టి గరాజ్‌లో ఉంచిన తొట్టిని ఆ పిల్ల చూసింది. మైనస్ ఇరవై ఆరు చలి. తన క్లాసు అమ్మాయిలిద్దరిని పోగేసి, తొట్టిని కిందికి దింపి, ఇంటిని వేడిచేసే ఫర్నేస్ పక్కన వెచ్చగా పెట్టింది.

"గింత చలిల పాపం దాన్ని ఎట్ల ఉంచుతరు అంకుల్? లోపట పెట్టిన" అని ఫోన్లో గర్వంగా చెప్పింది. పది రోజులకు ఫొటో పంపింది. నడి జనవరిలో ఎర్రటి చిగురు!

ఆసుపత్రి మంచం మీద ఆ ఫొటో చూసి అతను చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. ఆ చెట్టుకు చలికాలం నిద్ర. వెచ్చదనానికి వసంతమని మోసపోయి, దాచుకున్న బలమంతా ఆ చిగురుకే ఖర్చు పెట్టేసుకుంటుంది. కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆ పిల్ల ప్రేమతో చేసింది. "సూపర్ అమ్మా" అని మెసేజ్ పెట్టాడు. ఫిబ్రవరి చివరికి ఆకులన్నీ రాలిపోయాయి.

తెనాలిలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసినవాడు, ఇక్కడ బ్రాంప్టన్‌లో పద్నాలుగేళ్లుగా స్కూలు బస్సు నడుపుతున్నాడు. నోట్లో నాలుక లేని మనిషని డిపోలో పేరు. పిల్లలంతా దిగాక చివరి సీటు దాకా నడిచి, ప్రతి సీటు కిందా వంగి చూసి, వెనకున్న మీట నొక్కాలి. నొక్కకపోతే బస్సు గోల పెడుతుంది. ఒంటి గ్లవ్‌లు, టిఫిన్ డబ్బాలు దొరుకుతాయి. ఒకసారి నిద్రపోతున్న బుడ్డోడూ దొరికాడు. అప్పటినుంచి మీట కోసం కాదు, ఆ బుడ్డోడి కోసమే నడుస్తాడు.

ఉదయం ట్రిప్పు ముగించి వచ్చేసరికి వర్షిణి రెండు సూట్‌కేసులతో వాకిట్లో ఉంది.

"టాబ్లెట్లు మర్చిపోకున్రి అంకుల్."

"అలాగే. అక్కడి చలి ముందు ఇక్కడిది మనవడితో సమానం. మంచి జాకెట్ కొనుక్కో."

ఆమె తొట్టి దగ్గరికి వెళ్లి నిలబడింది. "అంకుల్, దీన్ని నేను..." అని ఆగింది.

"నువ్వే బతికించావు" అన్నాడు అతను గబగబా. "ఆ చలికి గరాజ్‌లోనే ఉంటే వేళ్లతో సహా పోయేది. చిగురెయ్యగానే ఫొటో పంపుతా."

వర్షిణి బూటు కొసను చూస్తూ తలూపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉన్న ఇల్లు వదలడం కష్టమే మరి అనుకున్నాడు. ఆమె వంగి కాళ్లకు దండం పెట్టింది. "చల్లగా ఉండు" అన్నాడు. ఆమె ఎక్కిన కారు మలుపు తిరిగింది. గండం గట్టెక్కినట్టు ఊపిరి పీల్చుకున్నాడు.

మధ్యాహ్నం ట్రిప్పు అయ్యాక, సాయంత్రం నాలుగున్నరకు బేస్‌మెంట్ తాళం తీశాడు. గది ఊడ్చి శుభ్రంగా ఉంది. అలవాటు కొద్దీ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాడు. మంచం కింద ఏమీ లేదు. అలమారలో ఏమీ లేదు. ఫర్నేస్ వెనక, చిన్న కిటికీ గట్టు మీద మాత్రం ఒక పెరుగు డబ్బా ఉంది.

అందులో మట్టి. మట్టిలో ఏడు పుల్లలు, మందార కొమ్మలు నాటినట్టు ఏటవాలుగా గుచ్చి ఉన్నాయి. తన చెట్టు కొసలే. డబ్బా మీద స్కెచ్ పెన్‌తో తేదీ రాసి ఉంది: ఫిబ్రవరి 27.

దక్షిణామూర్తి కిటికీ వెలుతురుకి డబ్బాను పైకెత్తాడు. ప్రతి పుల్ల మీదా గోటి గీతలు, కొన్నిటి మీద నాలుగైదు. అన్నీ గోధుమ రంగే. మూడు నెలలుగా తను అబద్ధం చెబుతున్నాడు, మూడు నెలలుగా ఆ పిల్ల నమ్మినట్టు నటిస్తోంది. అతనికి ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కాబట్టి ఏడ్చాడు.

తర్వాత డబ్బాను ఎక్కడిదక్కడే గట్టు మీద పెట్టాడు. అంచున తాజాగా గీకిన పొట్టు అంటుకుని ఉంది. మట్టి ఇంకా తడిగానే ఉంది.