ఎండీ ఎండని కాయలు

డాబా మీద మిరపకాయలు ఎండేదాకా నేను గడప దాటకూడదన్నది మా ఆయన తీర్పు. "కాయలెండాక వెళ్దువుగాని. నిన్నెవరైనా కట్టేశారా?" అన్నాడు. తాడు కనిపించకపోతే కట్టేసినట్టు కాదని ఆయన లెక్క.

సందు చివర టైలరక్క దుకాణంలో ఒక కుట్టుమిషను ఖాళీ అయింది. నా కుట్టు చూసి, "ఆదివారం దాకా చూస్తాను, ఆపైన ఆగలేను" అందామె. పెళ్ళయ్యాక నన్నొకరు పనికి రమ్మని పిలవడం అదే మొదలు. ఆ పిలుపు తలుచుకుంటే చాలు, మనసు గంతులేసేది.

కాయలు అత్తయ్యవి. పెరట్లో కుండీలు పెట్టి, పురుగు పట్టిన ఆకు ఒక్కొక్కటే గిల్లి, పసిబిడ్డల్లా సాకింది. కానీ ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు. అందుకని పొద్దున పట్టా మీద పరవడం, పావురాల్ని తోలడం, తిరగేయడం, మబ్బేస్తే పరుగెత్తడం, సాయంత్రం దుప్పటి కప్పడం, అన్నీ నా వంతే. చేతులనిండా ఘాటు, కన్ను దురద పెట్టినా నలుపుకోవడానికి లేదు. నాది కుడితిలో పడ్డ ఎలుక బతుకు.

చిత్రమేమిటంటే, సాయంత్రం కాయను చెవి దగ్గర ఊపితే గింజలు గలగలమనేవి. తెల్లారేసరికి అదే కాయ మెత్తగా వేలాడేది.

"మంచు పడుతోందే అమ్మాయ్. ఇప్పుడు జాడీకెత్తితే బూజు పట్టదూ?" అనేది అత్తయ్య, కింద నుంచే. మా ఆయన అన్నం కలుపుకుంటూ తలాడించేవాడు. నేను మంచును తిట్టుకుని ఇంకో దుప్పటి కప్పేదాన్ని.

ఆదివారం అలాగే గడిచిపోయింది. సోమవారం తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. ఒక్కరోజే కదా దాటింది, బతిమాలుకుంటే టైలరక్క వినకపోతుందా అనుకుంటూ కాయలు చూద్దామని డాబా ఎక్కాను. అక్కడ అత్తయ్య ఉంది. దుప్పటి తీసేసి, చెంబులో నీళ్ళు వేళ్ళతో కాయల మీద చిలకరిస్తోంది.

కంచే చేను మేస్తుంటే ఎవరితో చెప్పుకోను? ఒళ్ళు మండిపోయింది.

"మోకాళ్ళెలా ఉన్నాయి అత్తయ్యా?" అన్నాను.

ఆవిడ చేతిలో చెంబు జారింది. "నువ్వెళ్ళిపోతే పొద్దస్తమానం ఈ గోడలతో మాట్లాడనా?" అంది. కోపంగా అనబోయింది గానీ అది బతిమాలినట్టుంది. "వాడు ఇంటికొచ్చినా నోరు విప్పడు. నువ్వైతే పోట్లాడ్డానికైనా ఉంటావు."

జాలేసింది. జాలేసినందుకు నా మీద నాకే చిరాకేసింది. ఏం చెయ్యాలో తోచక ఒక కాయ తీసి విరిచాను. లోపల నల్లటి బూజు. ఇంకోటి విరిచాను, అదీ అంతే. అత్తయ్య గబగబా తనూ విరవసాగింది. పగలంతా ఎండి, తెల్లారగట్ల తడిసి, కాయలు లోలోపలే చెడిపోయాయి. ఆవిడ పట్టా మీదే కూలబడి, "నా చేతులతో నేనే పాడుచేసుకున్నానే" అని ఏడ్చింది.

"ఇంక ఎండబెట్టడానికేం లేదుగా" అన్నాను.

"వెళ్ళు" అంది మొహం తిప్పుకుని.

నేను వెళ్ళేసరికి ఆ మిషను ముందు ఇంకో అమ్మాయి కూర్చుని సూదికి దారం ఎక్కిస్తోంది. "నిన్న చీకటిపడేదాకా చూశానమ్మా" అంది టైలరక్క.

తిరిగొచ్చేసరికి అత్తయ్య గడపలో ఉంది. ఒళ్ళో చేటలో బాగున్న కాయలు ఒక గుప్పెడు.

"ఏమంది?"

"వేరే అమ్మాయిని పెట్టుకుంది."

"అయ్యో!" అంది అత్తయ్య. కానీ ఆ మాటకు ముందు ఆవిడ మొహం తేలికపడడం నేను చూశాను. ఊరట ముందొచ్చింది, జాలి తర్వాత వచ్చింది. విప్పబోయిన చెప్పులు మళ్ళీ తొడుక్కున్నాను.

"మళ్ళీ ఎక్కడికే?"

"బజార్లో కుట్టు దుకాణాలు ఇంకా ఉన్నాయి అత్తయ్యా. అన్నీ అడిగొస్తాను. రాగానే పోట్లాడుకుందాం."