జోడు లేని సుర్ఖాబ్

లాడ్ బజార్ వెనక సందులో రజాక్ ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు గడప దగ్గరే ఆగిపోయేవారు. ముందు గదిలో గోడ పొడవునా వేసిన బల్ల మీద కొంగలు, లకుముకి పిట్టలు, పాలపిట్టలు, ఒక ముసలి గుడ్లగూబ కళ్లు తెరుచుకుని నిలబడి ఉండేవి. ఏదీ కదిలేది కాదు. చచ్చిన పిట్ట చర్మాన్ని ఈక చెదరకుండా ఒలిచి, లోపలివైపు పాషాణం కలిపిన ముద్ద పట్టించి, గడ్డి కూరి, బతికున్నట్టు నిలబెట్టడం అతడి పని. తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. కళ్లకు కావలసిన గాజు పూసలు బజారులోనే ఏరుకునేవాడు. పిట్ట ప్రాణం కంట్లో ఉంటుందని, పూస రంగు తప్పితే పనంతా తప్పినట్టేనని అనేవాడు.

పందొమ్మిది వందల ముప్ఫై తొమ్మిదో సంవత్సరం ఫిబ్రవరిలో రామ్‌చందర్ మాస్టరు అతణ్ని వెతుక్కుంటూ వచ్చాడు. నయాపూల్ అవతల ఒక బడిలో పాఠాలు చెప్పే మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, మాట నెమ్మది. బడిలో ఒక అద్దాల అల్మారా పెట్టించాలని ఆయన కోరిక.

"మీర్ ఆలం చెరువు కాడ వసంతకాలం ఎట్లుంటదో అందుల కనబడాలె, రజాక్ మియా. పిట్టలు జోడు జోడుగ. పురుగులు, తూనీగలు, సీతాకోకచిలుకలు కింది అరల. దానికన్న ముందు ఇంకో పని చెయ్యాలె నువ్వు," అని సంచిలోంచి ఒక నోటుబుక్కు, తోలు పెట్టెలో ఉన్న దుర్భిణి తీసి ఇచ్చాడు. "రోజూ పొద్దున పోయి ఏం కనబడ్డదో, ఎన్ని కనబడ్డయో రాయి. ఉర్దూలనే రాయి."

పనిలో దిగిన మూడో రోజునే రజాక్ సుర్ఖాబ్‌ను కొట్టాడు. తెలుగువాళ్లు జక్కవ అంటారు దాన్ని. నారింజ రంగు ఒళ్లు, లేత రంగు ముఖం, బాతుకంటే కాస్త పెద్దది. చలికాలమంతా ఈ చెరువులో ఉండి, ఎండలు ముదిరేలోగా ఉత్తరానికి వెళ్లిపోతుంది. ఆ పొద్దున ముప్ఫై దాకా నీళ్ల మీద ఉన్నాయి. ఒక జంట మాత్రం ఒడ్డుకు వచ్చి పచ్చిక కొరుక్కుంటోంది. రజాక్ తుపాకి పేలింది. ఆడది అక్కడే ఒరిగింది. మగది పొగలోంచి లేచి, రెండు చుట్లు తిరిగి, నీళ్ల నడుమ వాలింది. రేపు దాన్ని కొడితే జోడు పూర్తవుతుందనుకుని ఇంటికి వచ్చాడు.

మర్నాడు వెళ్లేసరికి మగది అదే చోట నిలబడి ఉంది. మెడ చుట్టూ సన్నటి నల్ల పట్టీ. దూరం ఎంతో చూద్దామని రజాక్ దుర్భిణి కంటికి ఆనించాడు. నలభై ఏళ్లొచ్చేదాకా అతడు పిట్టను తుపాకి కొన నుంచి చూశాడు, లేదా బల్ల మీద పెట్టుకుని చూశాడు. బతికున్నదాన్ని ఇంత దగ్గరగా ఏనాడూ చూడలేదు. అది నెత్తురు ఎండిన గడ్డి చుట్టూ నాలుగడుగులు వేస్తోంది, ఆగుతోంది, తల ఎత్తి "ఆంగ్" అని కూస్తోంది. మళ్లీ నాలుగడుగులు. తుపాకి గడ్డిలోనే ఉండిపోయింది. ఆ రోజు నోటుబుక్కులో "సుర్ఖాబ్ ముప్ఫై ఒకటి" అని రాసి, కొట్టేసి, "ముప్ఫై, ఇంకొకటి" అని రాశాడు.

మార్చి వచ్చింది. కట్ట కింద కానుగ చెట్లు పూసి తేనెటీగల రొదతో మోగిపోయాయి. తుంగ కాడల మీద తూనీగలు పాత పొట్టు వీపు దగ్గర చీల్చుకుని బయటికి వస్తుంటే రజాక్ గంటసేపు గొంతుకూర్చుని చూసేవాడు. నీళ్ల మీద కాళ్లు తడవకుండా పరుగెత్తే పురుగుల్ని లెక్కపెట్టబోయి నవ్వుకునేవాడు. పనిలో ఇంత హాయి ఉంటుందని అతడు ఎరగడు. అయితే ఎటు తిరిగినా వెనక నుంచి ఆ కూత వచ్చేది. మిగతా సుర్ఖాబులన్నీ ఒక పొద్దున లేచి ఉత్తరానికి వెళ్లిపోయాయి. మగది వెళ్లలేదు.

కట్ట కింద బర్ల కొట్టం పెట్టుకున్న కొమురమ్మకు అది రోజూ కనబడేది. పాలవాళ్లుండే గౌలిపురలో పుట్టిన మనిషి. మాటకు మొహమాటం లేదు.

"దాని జోడును గొట్టింది నువ్వే గద, రజాక్ భాయ్?"

"నేనే, అక్కా."

"మరి దీన్ని గూడ గొట్టరాదు? గట్ల ఏడిపిస్తవేంది?"

రజాక్ నోటుబుక్కు మూసి కట్ట ఎక్కాడు. మాస్టరు కూడా అదే అడిగాడు, మెత్తగా. జోడు ఎప్పుడు పూర్తవుతుందని. అవుతుంది మాస్టర్ సాబ్ అని అప్పటికి తప్పించుకున్నాడు.

ఆడ సుర్ఖాబ్ అప్పటికి తయారైంది. అంత బాగా కుదిరిన పని తన చేతిలో ఇంతకుముందు జరగలేదని రజాక్‌కు తెలుసు. మెడ కాస్త పక్కకు తిప్పి, ఎవరో పిలిస్తే విన్నట్టు నిలబెట్టాడు. గోధుమ రంగు పూసలు రెండు సరిగ్గా అతికాయి.

ఒక మధ్యాహ్నం ముందు గదిలో కూర్చుని సీతాకోకచిలుక రెక్కలు సర్దుతున్నాడు. సందులో అలికిడి లేదు. "ఆంగ్" అని వినిపించింది. ఎక్కడో దూరాన కాదు, గదిలోనే, బల్ల దగ్గర. తల ఎత్తాడు. పిట్టలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. తలుపు తీసి సందులోకి, పైన ఆకాశంలోకి చూశాడు. ఏమీ లేదు. మర్నాడు అదే వేళకు మళ్లీ వినిపించింది. ఆ మర్నాడూ అంతే. తన చెవులకే ఏదో అయిందనుకున్నాడు. భార్యకు చెప్పడానికి సిగ్గేసింది.

నాలుగో రోజు అన్నం దగ్గర చెయ్యి ఆడకపోతే అన్వరీ బేగం అడిగింది. "ఏంది గట్ల కూసున్నరు?"

"ఏం లేదు. చెవుల ఏదో మోగుతున్నది."

ఆమె గిన్నె కింద పెట్టింది. "నాకు గూడ ఇనబడుతున్నది, జీ. పది రోజులాయె. మీరు చెరువు కాడికి పోయినంక, పొద్దున పూట. మొదట కొంటె పోరగాండ్లు ఎవరో అనుకున్న. తర్వాత ఆ గదిలకు పోవుడు బంద్ చేసిన."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె మీరు ఆ పని ఎట్ల చేస్తరు? మనకు వేరే పని ఏమున్నది?" ఆమె గొంతు తగ్గింది. "ఆ సుర్ఖాబ్‌ను మాత్రం ఇంట్ల ఉంచకుండ్రి. ఎక్కడి నుంచి తెచ్చిన్రో అక్కడ పెట్టి రండ్రి. మాస్టర్ సాబ్‌కు ఏదన్న చెప్పుకుందాం."

తనొక్కడికే వినిపించి ఉంటే రజాక్ ఎలాగో ఓర్చుకునేవాడు. ఆమెకూ వినిపించిందనేసరికి ఇక దాన్ని ఇంట్లో ఉంచలేననుకున్నాడు. మర్నాడు తెల్లవారుతుండగా ఆడ సుర్ఖాబ్‌ను తెల్ల గుడ్డలో చుట్టుకుని చెరువుకు వెళ్లాడు. దాన్ని కొట్టిన చోటనే, దాని కాళ్ల కింది చెక్కను బురదలో అదిమి, పైన పచ్చిక కప్పి నిలబెట్టాడు. వెనక్కి వచ్చి తుంగలో కూర్చున్నాడు.

మగది నీళ్ల నడుమ ఉంది. మొదట చూడలేదు. చూడగానే కూయలేదు. నీటిని చీల్చుకుంటూ తిన్నగా వచ్చింది. ఒడ్డెక్కి, నాలుగు బారల దూరంలో ఆగి, తల కిందికీ పైకీ ఆడించింది. తర్వాత మెల్లగా వెళ్లి దాని పక్కన నిలబడింది. మెడ చాచి ముక్కుతో దాని మెడ మీది ఈకలు సర్దడం మొదలుపెట్టింది. దుర్భిణిలోంచి అదంతా చూస్తున్న రజాక్‌కు కళ్లు మసకబారి, అద్దం తుడుచుకోవలసి వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో కూత వినిపించలేదు. మర్నాడూ లేదు. అన్వరీ బేగం ముందు గది ఊడ్చి, పిట్టల మీద దుమ్ము దులిపింది. రజాక్ రెండు రోజులు మనసు తేలిక పడ్డ మనిషిలా తిరిగాడు. జోడు నిలబడి ఉన్న చోటుకు దగ్గరగా వెళ్లకుండా, దూరం నుంచే చూసి, పురుగుల పని చూసుకుని వచ్చేవాడు.

మూడో రోజు కొమురమ్మ కట్ట మీద ఎదురైంది.

"అది తింటలేదు, రజాక్ భాయ్."

"ఏది?"

"ఏదేంది? ఆ మగది. మేతకు పోతలేదు, నీళ్లల్లకు దిగుతలేదు. ఎండల గట్లనే నిలవడ్డది. నువ్వు దానికి పెండ్లాన్ని తెచ్చిచ్చిన అనుకుంటున్నవు. దయ్యాన్ని తెచ్చి నిలబెట్టినవు."

రజాక్‌కు ఆ మాట గుచ్చుకుంది. ముసలిదానికి ఏం తెలుసులే అనుకున్నాడు. అయినా మర్నాడు వల భుజాన వేసుకుని నేరుగా ఆ ఒడ్డుకు నడిచాడు. మగది అతణ్ని చూసి ఎగరలేదు. పక్కకు రెండడుగులు జరిగి, తూలి, నిలదొక్కుకుంది.

అల్మారాకు పనికొచ్చేవి ఏమైనా ఉన్నాయేమోనని అలవాటుగా నేల వైపు చూశాడు. చెక్క చుట్టూ పచ్చికలో ఈగలు పడి ఉన్నాయి. చీమలు బారులో వచ్చినవి వచ్చినట్టే ముడుచుకుని ఉన్నాయి. రెండు పేడ పురుగులు వెల్లకిలా ఉన్నాయి. ఒక గొల్లభామ, ఇంకా ఆకుపచ్చగానే, కాళ్లు జోడించి పక్కకు ఒరిగి ఉంది. ఇన్ని పురుగులు వెతక్కుండానే దొరికాయని ఒక్క క్షణం సంతోషించాడు కూడా. గొల్లభామను అరచేతిలోకి తీసుకున్నాక అర్థమైంది. చర్మానికి పురుగు పట్టకుండా తాను పూసిన పాషాణం అది. చెరువు ఒడ్డు తేమకు తడిసి ఈకల్లోంచి బయటికి ఊరింది. మగదాని ముక్కు అంచున తెల్లటి పొడి అంటుకుని ఉంది. నాలుగు రోజులుగా అది ఆ ఈకల్నే సర్దుతోంది.

రజాక్ గబగబా వెళ్లి చెక్కతో సహా ఆడదాన్ని పీకి చంకలో పెట్టుకుని కట్ట వైపు నడిచాడు. వెనక నుంచి కూత వచ్చింది. తిరిగి చూశాడు. మగది రెక్కలు సగం విప్పి, బురదలో పడుతూ లేస్తూ, నడిచి వస్తోంది. అతడు వేగం పెంచాడు. అదీ పెంచింది. చివరికి పరుగెత్తాడు. నలభై ఏళ్ల మనిషి ఒక పిట్టకు భయపడి, ఒక పిట్టను ఎత్తుకుని, చెరువు కట్ట మీద పరుగెత్తడం కొమురమ్మ తన కొట్టం దగ్గర నిలబడి చూసింది. ఆమె నవ్వలేదు. లోపలికి వెళ్లి పార తెచ్చింది.

"లోతుకు తవ్వు. కుక్కలు తీస్తయి," అన్నది.

ఇద్దరూ కలిసి కొట్టం వెనక పూడ్చారు. గుంట నిండేదాకా కట్ట మీద నుంచి కూత వస్తూనే ఉంది. రజాక్ ఒక మూకుడులో నీళ్లు, నూకలు పెట్టి తెచ్చి, మగదానికి దూరంగా దించి వెనక్కి వచ్చాడు. అది వాటి వైపు చూడలేదు. ఆ తర్వాత రెండు రోజులు అతడు ఇంటికి వెళ్లలేదు. కొమురమ్మ పెట్టిన జొన్నరొట్టె తిని, పగలంతా కుక్కల్ని తోలుతూ కూర్చున్నాడు. మూడో పొద్దున తుంగ మొదట్లో, నీటికి జానెడు దూరంలో అది తల వాల్చి పడి ఉంది. ఒంటి మీద ఒక్క ఈక చెదరలేదు.

దాన్ని ఒడిలోకి తీసుకుని చాలాసేపు కూర్చున్నాడు. చర్మం బాగుంది. మెడ పట్టీ చక్కగా ఉంది. చేతులు వాటంతట అవే కోత ఎక్కడ మొదలుపెట్టాలో వెతుకుతున్నాయని తెలిసి, చేతులు తీసేశాడు. ఆడదాని పక్కనే గుంట తవ్వాడు.

రామ్‌చందర్ మాస్టరుకు అంతా చెప్పాడు. ఒక్క మాట దాచలేదు, ఇంట్లో వినిపించిన కూతతో సహా. ఆయన కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకుని విన్నాడు.

"జోడు జోడు అని నేనే అన్న," అన్నాడు చివరికి. "దోషం నీ ఒక్కనిది కాదు, రజాక్ మియా."

"కొట్టింది నేను, మాస్టర్ సాబ్. పూసింది నేను."

అల్మారాలో పైఅరలు ఖాళీగా ఉండిపోయాయి. మాస్టరు వేరేవాళ్లను పెట్టుకోలేదు. కింది అరల్లో తూనీగలు వదిలేసిన పొట్టు, రాలిన రెక్కలు, కానుగ కొమ్మకు దొరికిన ఖాళీ పట్టుగూళ్లు పెట్టి, ఎక్కడ ఎప్పుడు దొరికాయో రజాక్ చేత చీటీలు రాయించాడు. రజాక్ బల్ల మీది పిట్టల్ని అలాగే ఉంచాడు గాని, కొత్తది చేతికి తీసుకోలేదు. బజారులో లక్క గాజులకు అద్దం ముక్కలు అతికే పనిలో చేరాడు. చెరువుకు వెళ్లడం మాత్రం మానలేదు.

జూన్ నెలలో ఒక పొద్దున చెరువు కట్ట మీద మాస్టరు నోటుబుక్కు తిరగేస్తూ ఒక చోట ఆగాడు. ఏప్రిల్ నుంచి ప్రతి పేజీలో మొదటి వరుస ఒక్కటే. సుర్ఖాబ్, ఒక్కటీ లేదు.

"ఎండకాలంల సుర్ఖాబులు ఉండయి గద. రోజూ ఎందుకు రాస్తున్నవు?"

రజాక్ పుస్తకం తన వైపు తిప్పుకున్నాడు. "పొద్దున పోయి చెరువు మొత్తం ఒకసారి చూస్త, మాస్టర్ సాబ్. నాలుగు దిక్కుల చూసినంకనే రాస్త. రాయకపోతె ఇంటికి రాబుద్ధి కాదు."

మాస్టరు కలం తీసి ఇచ్చాడు. ఆ రోజు వరుస రజాక్ ఇంకా రాయలేదు.