బటన్ మీద కుంకుమ

నేను ఒక కాలిక్యులేటర్‌ని. కూరగాయల కొట్టులో ఉండే రకం కాదు, సైన్లూ కొసైన్లూ చెప్పే పెద్ద చదువుల రకం. వరసగా కదిలే పట్టీ మీద ఎవరో నాకు సెల్లు పెట్టారు, ఎవరో మరలు బిగించారు, ఇంకెవరో రెండూ రెండూ కూడించి చూసి పెట్టెలో సర్దారు. నాలుగని సరిగ్గానే చెప్పాను. అప్పటి నుంచి ఏది అడిగినా తడబడకుండా చెప్పడమే నా పని. నా తడబాటు లేనితనమే ఒక పిల్లకు ఏడాది చదువు పోగొట్టింది.

నన్ను మొదట కొన్నది ఫణీంద్ర. సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక సాంకేతిక విశ్వవిద్యాలయంలో అనువర్తిత గణితం చదివేవాడు. చుట్టూ వంతెనలు, యంత్రాలు, కరెంటు చదివేవాళ్ళు వందల్లో ఉంటే, అతని తరగతిలో పద్దెనిమిది మంది.

“లెక్కలు చదివి ఏం కడతావురా?” అని హాస్టల్లో ఎగతాళి చేసేవారు.

“మీరు కట్టింది ఎప్పుడు కూలుతుందో చెబుతాను,” అనేవాడు ఫణీంద్ర.

ఆ డిపార్ట్‌మెంటులో ఒక ఆచారం ఉంది. ఒక్క పేపరూ తప్పకుండా చదువు ముగించినవాళ్ళు, వెళ్ళిపోయే రోజున తమ కాలిక్యులేటర్‌ని జూనియర్‌కి ఇచ్చి పోవాలి. ఫణీంద్ర నన్ను రెండో ఏడు చదువుతున్న వీరవేణి చేతిలో పెట్టాడు.

“నాకెందుకన్నయ్యా? నావి మూడు పేపర్లు పోయాయి.”

“అందుకే నీకు. మిగతావాళ్ళకి బుర్ర ఉంది కదా,” అని నవ్వి, నా మీద ఒక బటన్ చూపించాడు. “ఒక్కటి గుర్తుపెట్టుకో. ఇది ఎప్పుడూ రేడియన్లలోనే ఉండాలి. డిగ్రీలు సివిల్ వాళ్ళకి. గ్రాడ్లు ఎవరికో ఆ దేవుడికే తెలియాలి.”

కోణాన్ని కొలవడానికి నాలో మూడు కొలతలున్నాయి. ఆ బటన్ ఒక్కసారి నొక్కితే కొలత మారుతుంది, అద్దం మూల చీమంత అక్షరం మారుతుంది. కొలత మారితే జవాబూ మారుతుంది. నేను ఆరిపోయి వెలిగినా కొలత మాత్రం అలాగే ఉంటుంది.

వేణికి లెక్కలంటే ఇష్టమే. భయం పరీక్షలంటే. ఫణీంద్ర నన్నిచ్చిన సాయంత్రం ఒకటి వేసి, కొసైన్ బటన్ మళ్ళీ మళ్ళీ నొక్కింది. అంకెలు అటూ ఇటూ ఊగి ఊగి సున్నా పాయింట్ ఏడు మూడు తొమ్మిది దగ్గర నిలిచాయి. ఐదు వేసింది, వంద వేసింది. అక్కడికే వచ్చాయి. “ఎక్కడ మొదలెట్టినా ఇక్కడికే!” అని ఒక్కతే నవ్వుకుంది. ఆ నవ్వు నాకు నచ్చింది.

నాలుగో సెమిస్టర్ చివరి పరీక్ష న్యూమరికల్ మెథడ్స్. ఒక్కసారిగా దొరకని జవాబును అంచెలంచెలుగా దగ్గరికి లాగే లెక్కలవి. పోయిన మూడింటికి తోడు ఇదీ పోతే మూడో ఏడులోకి పంపరు, ఏడాది ఇంట్లో కూర్చోవాలి. ఆ ఉదయం తల్లి మంగతాయారు మొదటి బస్సుకే వచ్చింది. కాలేజీ గేటు పక్క వినాయకుడి గుడి ముందు పిల్లలంతా హాల్ టికెట్లు పట్టుకుని తోసుకుంటున్నారు. వేణి నడుస్తూనే చివరి లెక్క వేస్తోంది.

“ఇలాగివ్వవే. ఆయనకి చూపించకుండా తీసుకెళ్తావా?” అని తల్లి నన్ను లాక్కుంది. హాల్ టికెట్‌కు, పెన్నులకు, నాకు కుంకుమ పెట్టింది. భక్తితో పెట్టింది కాబట్టి కాస్త గట్టిగానే పెట్టింది. ఆ వేలు ఆ బటన్ మీదే పడింది. నేను వెలిగే ఉన్నాను. రేడియన్ పోయి గ్రాడ్ వచ్చింది.

హాల్లో మొదటి లెక్కకు నేను ఇచ్చిన అంకెలు ఎంత చక్కగా నిలిచాయంటే, వేణి మొహం విప్పారింది. సున్నా పాయింట్ ఆరు ఆరు ఆరు. నేను అరవలేను. చీమంత అక్షరం చూపించగలను, అంతే. ఆమె చూడలేదు.

బయటికొచ్చాక స్నేహితురాలు సలోమి అడిగింది. “మొదటిదెంతే?”

“ఆరు ఆరు ఆరు.”

“అదేంటే! నాకు ఆరు సున్నా ఏడు.”

వేణి ఒకటి వేసి కొసైన్ నొక్కింది, మళ్ళీ మళ్ళీ నొక్కింది. ఏడు మూడు తొమ్మిది రాలేదు. అప్పుడు చూసింది, మూలనున్న అక్షరాన్ని, బటన్ అంచున ఇరుక్కున్న కుంకుమను.

సైకిల్ స్టాండు నీడలో తల్లి పులిహోర పొట్లంతో నిలబడి ఉంది. “ఎలా రాశావే అమ్మలూ?”

వేణి బొటనవేలు ఆ బటన్‌ను కప్పేసింది. “రాశానమ్మా.”

లెక్క వేసిన పద్ధతికి కొన్ని మార్కులు వేశారు. పాసవడానికి నాలుగు తక్కువయ్యాయి. తండ్రి బుల్లబ్బాయి చదువు ఆపేద్దామన్నాడు. మంగతాయారు రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. “ఇంకొక్కసారి. అంతే,” అన్నాడు చివరికి. ఆ వారం నుంచి ఆమె శనివారాలు ఉపవాసం పట్టింది. “నా పూజలోనే ఏదో లోటు,” అని ఎండిన పెదాలతో అంటుంటే, వేణి అన్నం ముందు కూర్చుని తల వంచుకునేది. అలమరలో నేను వినేదాన్ని. నిజం చెబితే అమ్మ చేయి ఇక దేవుడి ముందు వణుకుతుంది; చెప్పకపోతే పస్తులుంటుంది. ఇలాంటి లెక్కకు నాలో బటన్ లేదు.

ఏడాది తిరిగింది. అదే గుడి, అదే తోపులాట. తల్లి కుంకుమ అద్దుకుని వేలు చాచింది. వేణి నన్ను బోర్లించి పట్టుకుంది.

“అదేంటే, వెనక్కి తిప్పావు?”

“బటన్ల మీద వద్దమ్మా.”

మంగతాయారు వేలు గాలిలోనే ఆగింది. “పోయినేడు నా వేలేనా?”

“చూసుకోవలసింది నేనమ్మా.”

“నేనడిగింది అది కాదు.”

గంట మోగింది. వెనకనుంచి ఎవరో “జరగండి, టైమైపోతోంది” అన్నారు.

“అవునమ్మా.”

“ఏడాదంతా ఆ దేవుణ్ణి నిలదీశానే,” అంది తల్లి మెల్లగా. వేలి మీది కుంకుమ కూతురి నుదుట పెట్టింది. “వెళ్ళు. ఒకసారి చూసుకుని వెళ్ళు.”

వేణి కొసైన్ నొక్కుతూ మెట్లెక్కింది. ఏడు మూడు తొమ్మిది.

ఆ పేపరు గట్టెక్కింది. తర్వాత మిగతావీ గట్టెక్కాయి. కానీ పేపర్లు పోయిన చేయి కాబట్టి, ఆచారం ప్రకారం నన్నెవరికీ ఇవ్వలేదు. ఇప్పుడు దేవుడి అలమరలో ఉన్నాను. సెల్లు ఎప్పుడో అయిపోయింది. శనివారం శనివారం మంగతాయారు పటాలన్నీ తుడిచి బొట్లు పెడుతుంది. నన్నూ తుడుస్తుంది. బొట్టు పెట్టదు. వేలు ఆ బటన్ దగ్గరికి వచ్చి ఒక్క క్షణం నిలుస్తుంది. ఇప్పుడు నొక్కినా ఏమీ మారదు. అయినా నొక్కదు.