లాంచీ అల

మా మావయ్య ఏలీయాగారిని ఎప్పటికైనా సముద్రమే తీసుకుపోతుందని అండమాన్‌లో మా ఊరు మాయాబందర్‌లో అందరూ అనేవారు. ఆయన మాత్రం ఓ ఏడు వానల్లో జ్వరం వచ్చి, ఇంట్లో, మంచం మీద పోయారు. ముందు రోజు కూడా గాలి ఎటునుంచి వీస్తోందని నన్ను అడిగారు.

భీమిలి పక్కనుంచి కుర్రతనంలో ఓడెక్కి వచ్చి, అటవీ శాఖలో దుంగలు కొలిచే పనిలో కుదిరిన మనిషి. సెలవు దొరికితే ఇంటిపట్టున ఉండేవారు కాదు. అలాగని ఒంటరిగా వెళ్ళేవారూ కాదు. మమ్మల్నీ, ఇరుగుపొరుగు పిల్లల్నీ, అన్నం గిన్నెనీ తన డుంగీలోకి, అంటే ఆ చిన్న చెక్క పడవలోకి ఎక్కించుకుని, ఏ పేరూ లేని దీవిలోనో తాబేళ్ళు గుడ్లు పెట్టిన చోటు చూపించడానికి తీసుకుపోయేవారు. నేను కాకినాడలో బి.ఏ. చదివి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. కోడలికి చేప ముళ్ళు తీసి కంచంలో వేసే మామగారిని అంతకుముందు ఎక్కడా చూడలేదు.

బయల్దేరే ముందు ఒడ్డున నిలబడి గట్టిగా ప్రార్థన చేసేవారు. ఆ తర్వాతే నీళ్ళ వంక చూసేవారు.

"ముందు పోటు చూసుకుని తర్వాత ప్రార్థన చేసుకోవచ్చు కదండీ?" అనేది మా అత్తయ్య మేరమ్మ.

"చూసీసాక ఇంక దేవుణ్ణి అడిగేదేటే?" అనేవారు.

క్రిస్మస్ మర్నాడు మాత్రం ఖాడీ, అంటే ఊరి పక్కన లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, దాటి అవతలికి వెళ్ళాల్సిందే. అడవి కొట్టి చేసిన పొలాల్లో అక్కడ నాలుగైదు తెలుగు కుటుంబాలు ఉండేవి. గుడి లేదు, పాస్టరు లేడు. ఇంటి కప్పు మీది కాగితం నక్షత్రాన్ని విప్పి డుంగీలో వెదురుకి కట్టి, మావయ్యగారు వాళ్ళకి ఆరాధన జరిపించడానికి వెళ్ళేవారు. అత్తయ్యకి నీళ్ళంటే ప్రాణభయం. ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చునేది. పడవ ఎగిరిపడినప్పుడల్లా "ఏటండీ అది?" అని అడిగేది.

"లాంచీ ఎల్లింది మేరీ. దాని అలే. నీళ్ళు అద్దంలా ఉన్నాయి."

నేను వచ్చిన మొదటి ఏడు, ఖాడీ సముద్రంలో కలిసే మొగ దగ్గర, అల నా ఒడి తడిపింది. కనుచూపుమేర లాంచీ లేదు. నేను నోరు తెరవబోతే మావయ్యగారు తల అడ్డంగా ఊపారు. ఒంట్లో బాగోలేదని ఆఫీసుకి అబద్ధం చెప్పాడని, పెళ్ళయిన కొడుకుతో కూడా మాట్లాడకుండా ఉండిపోయిన మనిషి ఆయన.

ఆయన పోయిన ఏడు మా ఇంటి మీద నక్షత్రం లేదు. చావు జరిగిన ఇంట్లో మొదటి క్రిస్మస్‌కి పండగ చెయ్యరు, పిండివంటలు వండరు. మేమూ అలాగే ఉన్నాం. పండగ ముందు వారం అవతలి నుంచి గవరయ్య వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"ఈ ఏడు మాకు పండగ లేదు గవరయ్యా. రాలేం," అంది అత్తయ్య.

"పండక్కి కాదొదినా, ఆరాధనకి. మాకు పాట ఎత్తడం కూడా రాదు. మీరు రాకపోతే మా బచ్చాలు ఏటనుకుంటారు? ఏలీయా తాత పోయాడు, క్రిస్మసూ పోయింది, ఖతం, అనుకుంటారు."

అత్తయ్య చాలాసేపు చీరకొంగు మడతపెడుతూ కూర్చుంది.

"డుంగీ ఎవడు తోలతాడు?" అంది చివరికి.

"నేను తోలతానమ్మా," అన్నారు మా ఆయన ఆనందబాబు.

పడవ తొయ్యడం ఆయనకి బాగానే వచ్చు. నా భయం వేరే. వంటింట్లోకి పిలిచి, "మొగ దగ్గర అత్తయ్య అడుగుతారు. లాంచీ అని చెప్పండి," అన్నాను.

"నా నోట రాదు ప్రేమా. నువ్వు చెప్పు."

"మీ నాన్నగారికి వచ్చేదిగా!"

"ఆయన వేరు."

రేపైనా అత్తయ్యకి నిజం చెప్పెయ్యాలి అనుకుంటూనే పండగ దాకా గడిపాం. పండగ మర్నాడు అత్తయ్య బైబిల్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, ఎప్పటిలాగే కళ్ళు మూసుకుంది. మొగ దగ్గర డుంగీ ముక్కు పైకి లేచి దబ్బున పడింది.

"ఏట్రా అది?"

ఆనందబాబు నా వంక చూశారు. నేను చెప్పాను గాని, ఆలస్యంగా చెప్పాను.

"లాంచీ... అత్తయ్యా."

ఆవిడ కళ్ళు తెరిచింది.

కుడివైపు అంతా సముద్రం. బూడిదరంగు అల గోడలా లేచి వస్తోంది. ఎడమవైపు బురదగట్టు మీద దుంగ అనుకున్నది కదిలి నీళ్ళలోకి జారింది, మొసలి. అత్తయ్య అరవలేదు. పడవ అంచు రెండు చేతులతో పట్టుకుంది.

"లాంచీ ఏదీ?"

ఆనందబాబు డుంగీ ముక్కుని అలకి ఎదురు తిప్పారు.

"ఎప్పుడైనా ఉండేదా?"

"లేదమ్మా," అన్నారు ఆనందబాబు. "వెనక్కి తిప్పనా?"

"తిప్పితే మాత్రం ఇదే నీరు మళ్ళీ దాటాలి కదా. పోనీ."

అవతలి ఒడ్డు చేరేదాకా ఆవిడ మళ్ళీ కళ్ళు మూయలేదు.

గవరయ్య పాకలో ఆరాధన. వాక్యం చదివాక, మావయ్యగారి గురించి సాక్ష్యం చెప్పమని అత్తయ్యని అడిగారు. లేచి నిలబడింది. చీర అంచు ఇంకా తడిగానే ఉంది.

"మా ఆయన నాతో అబద్ధాలాడేడు," అంది.

పాకలో తలలన్నీ ఆవిడ వైపు తిరిగాయి.

"పెళ్ళయిన దగ్గర్నుంచి ప్రతి క్రిస్మస్‌కీ ఆడేడు. ఈ పిల్లల నోళ్ళూ మూయించేడు. నిజం చెప్తే నాను రాను. పండగపూట నన్ను ఒక్కదాన్నీ ఇంట్లో వొదిలి రావడం ఆయనకి ఇష్టం లేదు. మీ దగ్గరికి రాకుండా ఉండడమూ ఇష్టం లేదు. ఆ నీళ్ళ మీద తిరక్కుండా అసలే ఉండలేడు. అందుకని లేని లాంచీలు పుట్టించేడు. దేవుడు క్షమించేడో లేదో నాకు తెలీదు. నాను ఇంకా ఆలోచిస్తన్నాను."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. గవరయ్య అటూ ఇటూ చూసి, సందేహంగా, "ఆమేన్," అన్నాడు. అప్పుడు అందరూ నవ్వారు. అత్తయ్య కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, తనే పాట ఎత్తింది. మరీ పైస్థాయిలో ఎత్తింది. ఎవరికీ అందలేదు. అయినా ఆఖరి చరణం దాకా పాడారు.

భోజనాలయ్యాక ఆనందబాబు పోటు చూసి, బయల్దేరదామన్నారు.

"నాను పడవెక్కను," అంది అత్తయ్య.

"దుంగల లారీ ఉందొదినా," అన్నాడు గవరయ్య. "మన సత్యారావే డ్రైవరు. కానీ అడవి చుట్టూ చక్కర్ కొట్టి ఎల్తాది. ఒళ్ళు హూనం."

"అయితే అవనీ. నేల మీదే కదా."

గవరయ్య భార్య గవరమ్మ అత్తయ్య చెయ్యి పట్టుకుంది. "అంటే మల్లీ ఏడు రారా అక్కా?"

అత్తయ్య ఆవిడ చెయ్యి మీద తన చెయ్యి వేసింది.

"వొస్తాను. లారీలో వొస్తాను. సముద్రం ఆయనకి కావాలి. నాకెందుకు?"

ఆనందబాబు ఒక్కరే డుంగీలో వెళ్ళారు. అత్తయ్యా నేనూ లారీ ముందు సీట్లో కూర్చున్నాం. గుంటల్లో పడినప్పుడల్లా ఇద్దరి తలలూ కప్పుకి కొట్టుకున్నాయి. చెట్ల సందులోంచి మొగ కనిపించిన చోట అత్తయ్య లారీ ఆపించింది. కింద డుంగీ లేస్తోంది, పడుతోంది.

"అమ్మో, ఇన్నేళ్ళూ దాన్లోనా ఆయన నన్ను కూకోబెట్టేడు!" అంది. ఆ గొంతులో కోపం కన్నా గొప్ప ఎక్కువ వినిపించింది నాకు. పడవ మడచెట్ల వెనక్కి మళ్ళేదాకా చూసి, "పోనీ బాబూ," అంది.

కొంతదూరం పోయాక సత్యారావుని అడిగింది.

"మల్లీ ఏడు ఇదే రోజుకి లారీ ఉంటాదా?"

"సర్కారీ లారీ అమ్మా. నా చేతిలో ఏటుంది? ఉంటే ఉంటాది, లేపోతే లేదు."

"లేపోతే నడిచొస్తాం. ఏమే ప్రేమా?"

సత్యారావు పెద్దగా నవ్వాడు. "పైదలా? ఈ దారెంత దూరమో తెలుసా అమ్మా?"

"తెలీదు," అంది అత్తయ్య. "నువ్వు చెప్పకు."