సర్దని గది

మనిషి మంచం మీద ఉండగానే ఆ మనిషి కిందున్న దుప్పటి మార్చడం నాకెవరూ నేర్పలేదు. ముందు అత్తయ్యను కిటికీవైపు ఒత్తిగిలబెట్టాలి. చచ్చుబడిన కుడిచెయ్యి ఒంటికింద పడకుండా చూసుకోవాలి, అది నలిగినా ఆవిడకు తెలియదు కనుక. తడిసిన దుప్పటిని పొడవునా చుట్టుకుంటూ వచ్చి వీపుకి ఆనించి, ఖాళీ అయిన సగంలో పొడి దుప్పటి పరిచి, దాని మిగతా సగాన్ని కూడా ఆ పక్కనే చుట్టిపెట్టాలి. అప్పుడు ఆవిడను ఆ గట్టు మీదుగా మెల్లగా నావైపు దొర్లించి, అటు వెళ్ళి పాతది లాగేసి కొత్తది సాపు చెయ్యాలి. మొదట్లో ఇద్దరం ఏడ్చేవాళ్ళం. ఇప్పుడు నేను "ఊఁ" అనగానే ఆవిడ ఎడమచేత్తో మంచం పట్టె పట్టుకుంటుంది.

ఒక పూట మా ఆయన టీ కప్పుతో గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. "అబ్బ, నీకు చెయ్యి తిరిగిపోయిందే! నేనైతే అమ్మను కింద పడేసేవాణ్ణి" అన్నారు.

ఆయన మెచ్చుకోలుకు ఒక గుణముంది. ఆయన మెచ్చుకున్న పని ఇక జన్మలో నన్ను వదలదు. కాపురానికొచ్చిన కొత్తలో చొక్కాలు ఇస్త్రీ చేస్తే "దుకాణంవాడు కూడా ఇంత బాగా చెయ్యలేడు" అన్నారు. ఆ ఇస్త్రీపెట్టె ఇప్పటికీ నా చేతికి అతుక్కునే ఉంది. చెడ్డమనిషి కాదు. గొంతు పెంచరు, పెట్టింది తింటారు. అత్తయ్యకు పక్షవాతం వచ్చినప్పుడు కాళ్ళ దగ్గర కూర్చుని పిల్లాడిలా ఏడ్చారు. ఏడ్చి, మొహం కడుక్కుని, ఆఫీసుకెళ్ళారు. ఆ రోజు నేను ఏడవలేదు. అందుకేనేమో ఇంట్లో ఉండిపోయాను.

నాకూ ఒక పని ఉండేది. ఉండేది అనకూడదు, అప్పటికింకా ఉంది. కళ్ళజోళ్ళ షాపు వెనకగదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. తిరిగే చక్రానికి అద్దం అంచు ఆనించినప్పుడు నీళ్ళు చిమ్ముతూ సన్నని కూత వస్తుంది. ఆ కూత మారడాన్ని బట్టే అద్దం ఫ్రేముకి సరిపోయిందో లేదో తెలుస్తుంది నాకు. అన్నిటికన్నా నాకిష్టమైంది ఆ తర్వాతి నిమిషం. ముందుగదిలో ఎవరో కొత్త జోడు పెట్టుకుని, రోడ్డుకి అవతలున్న బోర్డు చదివి, "అరే!" అంటారు. ఆ "అరే" గోడ అవతలనుంచి నాకు వినపడుతుంది. ఇంట్లో ఎవరూ నన్ను చూసి "అరే" అనలేదు, మెచ్చుకున్నారంతే.

షాపు యజమాని ఫోన్ చేశాడు. "అమ్మాయ్, నీ స్టూలు మీద ఇంతవరకూ ఎవర్నీ కూర్చోనివ్వలేదు. కానీ బళ్ళు తెరుస్తున్నారు, పిల్లల కళ్ళజోళ్ళు గుట్టలుగా వచ్చిపడతాయి, నీకు తెలియందేముంది. నెలాఖరుదాకా ఆగుతాను. ఆ తర్వాత నన్ను తిట్టుకోకు."

ఆ మాట ఇంట్లో చెప్పాను. "ఎవరినైనా సాయానికి పెట్టుకుందామండీ" అన్నాను.

"ఇంట్లో నువ్వుండగా బయటి మనిషెందుకు?"

"నేను పనికెళ్తే ఇంట్లో ఉండను కదండీ."

"అదేగా నేననేది. నువ్వుంటే సరిపోతుందిగా!"

ఎటునుంచి బయల్దేరినా మళ్ళీ నా దగ్గరికే వచ్చి ఆగుతుంది ఆ తర్కం. ఆయన అక్క, మా వదిన, రోజూ ఫోన్ చేసి తల్లి బాగోగులు కనుక్కుంటుంది. "అమ్మకి పట్టింపెక్కువమ్మా, పరాయివాళ్ళు ముట్టుకుంటే ఒప్పుకోదు" అంది. "అయితే మీరో పది రోజులు వచ్చి ఉండండి వదినా" అన్నాను. "అయ్యో, నా నడుంనొప్పి సంగతి నీకు తెలీదూ?" అంది. నడుంనొప్పి ఉందని తెలుసుకోగలగడం కూడా ఒక అదృష్టమే. నా నడుం ఎలా ఉందో ఆగి అడిగే తీరిక నాకు దొరకలేదు.

మందుల కోసం ఆరోగ్య కేంద్రంలో వరసలో నిలబడినప్పుడల్లా నేను ఒకే గోడకు చేరగిలబడేదాన్ని. ఒకసారి నా వెనక నిలబడిన పెద్దాయన "కాస్త పక్కకు జరుగుతావా తల్లీ, అక్కడేదో రాసుంది" అన్నాడు. జరిగాను. ఆయన కళ్ళు చికిలించాడు, అక్షరాలు అందలేదు. నేనే చదివి వినిపించాను. ఇంట్లో మంచం పట్టినవారు, పెద్దవారు, ఎదుగుదల వెనకబడిన పిల్లలు ఉన్న కుటుంబాలకు సహాయకులను పంపుతారట. పగటిపూట చూసుకునే కేంద్రాలు కూడా ఉన్నాయట. గ్రంథాలయం పై అంతస్తులో కుటుంబ సహాయ కేంద్రంలో అడగాలట. పెద్దాయన "మా ఆవిడకి పనికొస్తుందమ్మా" అని మురిసిపోయాడు. నాకు మాత్రం చెంపలు వేడెక్కాయి. ఇన్నాళ్ళూ వీపుతో దాన్ని కప్పేసి నిలబడింది నేనే.

గ్రంథాలయం మెట్లెక్కుతుంటే దొంగతనానికి వెళ్తున్నట్టే ఉంది. పైన ఒక పొడుగాటి గది, గోడకు వరసగా కుర్చీలు, మూలన పిల్లల బొమ్మలు. బల్ల వెనకున్నావిడ కళ్ళజోడు ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది, మర ఊడినచోట దారం కట్టింది. ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ నా దృష్టి ఆ దారం మీదే. చివరికి ఉండబట్టలేక "ఒక్కసారి ఇలా ఇవ్వండి" అని, చేతిసంచీలో మిగిలిపోయిన బుల్లి స్క్రూడ్రైవరూ, ఒక మరా తీసి బిగించి ఇచ్చాను.

"సాయం అడగడానికొచ్చి సాయం చేసి వెళ్తారేమిటండీ?" అని నవ్విందావిడ. తర్వాత నవ్వు తగ్గించి, "ఇక్కడికొచ్చే ఆడవాళ్ళందరూ ఇంతే. ముందు మా బల్ల సర్దుతారు. సరే, ఇప్పుడు మీ సంగతి చెప్పండి" అంది. చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్న మొదటి మనిషి ఆవిడ. పగలు సహాయకురాలిని పంపే వీలుందనీ, ఒక అధికారి ఇంటికొచ్చి చూసి నిర్ణయిస్తారనీ చెప్పింది.

ఇంటికి మనిషి వస్తున్నారంటే ఏం చేస్తాం? తెల్లవారకుండానే లేచాను. గచ్చు కడిగాను. అత్తయ్యకు తలంటి, జడవేసి, పౌడరు రాసి, ఉతికిన బట్టలు కట్టాను. మందుసీసాలు అలమారలో పెట్టాను, బకెట్లూ గుడ్డలూ పెరటివైపు దాచాను, వాసన రాకుండా కిటికీలన్నీ తెరిచాను. ఆయన సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. వచ్చిన అధికారిణి నాకన్నా చిన్నది. నేను టీ కలుపుతుంటే ఆయన చెప్తున్న మాటలు వంటగదిలోకి వినపడుతున్నాయి. "మేమందరం కలిసి చూసుకుంటున్నామండీ. అమ్మకి ఏ లోటూ రానివ్వం." ఆ "మేమందరం" ఎవరెవరా అని లెక్కపెట్టుకుంటూ నేను కప్పులు కడిగాను.

కొన్నాళ్ళకు కేంద్రం నుంచి ఫోనొచ్చింది. సంరక్షణ చక్కగా జరుగుతోంది కనుక ప్రస్తుతానికి సహాయకురాలి అవసరం కనిపించలేదన్నారు.

ఆయన సంతోషానికి పట్టపగ్గాల్లేవు. "చూశావా? నువ్వెంత బాగా చూసుకుంటున్నావో వాళ్ళే ఒప్పుకున్నారు!" వదినకు ఫోన్ చేసి మరీ చెప్పారు. నేను స్నానాలగదిలోకెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. ఎవరూ నన్ను తిట్టలేదు. ఎవరూ తప్పుపట్టలేదు. నా రెండు చేతులూ నామీదే సాక్ష్యం చెప్పి వచ్చాయి.

మళ్ళీ మెట్లెక్కాను. బల్ల వెనకావిడ అంతా విని, "ఇల్లు సర్దారా?" అని అడిగింది.

"సర్దకుండా ఎలాగండీ? ఇంటికొకరొస్తుంటే?"

"పెద్దావిడకి జడ కూడా వేశారా?"

తల ఊపాను.

"మీ ఇంటికొచ్చిన మా పిల్ల చూసింది పూర్తయిన పనినండీ. పని చేస్తుండగా చూడలేదు. తప్పు మాది కూడాను, పొద్దున్నే రావాల్సింది. ఈసారి చెప్పి పంపిస్తాను. కానీ మీ వంతు కూడా ఒకటుంది. సర్దకుండా ఉండగలరా?"

నవ్వొచ్చింది. నవ్వుతూనే భయమేసింది కూడా. మురికి ఇంటి కోడలు అని ఎవరో అనకూడదనే కదా ఇన్నేళ్ళూ లేచింది, పడుకుంది! నెలాఖరు దగ్గరపడుతోంది. ఈసారి కూడా కాదంటే ఆ స్టూలు ఇక నాది కాదు.

అధికారిణి మళ్ళీ వచ్చే రోజు పొద్దున నా చేతులు నా మాట వినలేదు. అలమార తలుపు తెరిచి మళ్ళీ మూశాను. చీపురు పట్టుకుని మళ్ళీ మూలన పెట్టాను. అత్తయ్య దుప్పటి తడిసింది. తడిలో మనిషిని ఉంచి ఎవరికో చూపించే గుండె నాకు లేదు. మార్చాను. కానీ తీసినదాన్ని దాచలేదు, బకెట్లో అలాగే మంచం పక్కన ఉంచాను. ఆయన ముక్కు మీద వేలేసుకుని "అదేమిటి, అక్కడే వదిలేశావు? ఇప్పుడే వచ్చేస్తారు వాళ్ళు!" అన్నారు.

"మీకు అడ్డమైతే తీసెయ్యండి" అన్నాను.

ఆయన బకెట్ వంక చూశారు. హాల్లోకెళ్ళి కూర్చున్నారు.

దువ్వెన అందుకున్నాను, ఇది మాత్రం అలవాటు కొద్దీ. అత్తయ్య ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుంది. పక్షవాతం వచ్చాక ఆవిడకు మాటలు ఒక్కొక్కటిగా, దూరంనుంచి నడిచొచ్చినట్టు వస్తాయి. ఒకప్పుడు ఆ నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. "కోడలు కూర్చోవడం ఈ ఇంట్లో ఎరగం" అని నన్ను నిలబడి తినేలా చేసింది ఆవిడే. ముందుగదిలో చుట్టాలున్నంతసేపూ వంటింట్లో తను కూడా నిలబడే తినడం చూశాను. ఇప్పుడు నా చేతిలో దువ్వెన చూస్తూ, పెదవి వంకర్లుపోతుంటే, "వద్దు" అంది. కాసేపాగి, "దువ్వకు" అంది.

"జుట్టంతా రేగిపోయుంది అత్తయ్యా."

"ఉండనీ." ఆవిడ కళ్ళల్లో ఏదో కొంటెతనం మెరిసింది. ఎడమచేత్తో తన జుట్టును తనే ఇంకొంచెం రేపుకుంది.

ఇద్దరం నవ్వుకున్నాం. పెళ్ళయ్యాక ఆవిడతో కలిసి నవ్వడం, గుర్తున్నంతలో, అదే మొదలు.

అధికారిణి వచ్చేసరికి గదిలో మందుసీసాలు బల్ల మీదే ఉన్నాయి, జావగిన్నె కిటికీలో ఉంది, నేను టీ పెట్టలేదు. కుర్చీలో కూర్చుని, చేతులు మోకాళ్ళ కింద పెట్టుకున్నాను, లేకపోతే అవి లేచిపోతాయి. ఆయన మొదలుపెట్టారు. "మేమందరం కలిసి..."

"మంచిదండీ. అయితే అమ్మగారిని మంచం మీంచి కుర్చీలోకి ఎలా మారుస్తారో మీరొకసారి చూపిస్తారా?" అంది ఆ అమ్మాయి.

ఆయన లేచారు. మంచానికి ఇటొకసారి, అటొకసారి తిరిగారు. చొక్కా చేతులు మడిచారు. వంగి కుడిచెయ్యి పట్టుకుని లాగబోయారు.

"అది కాదురా" అంది అత్తయ్య.

చెయ్యి వదిలేసి భుజాలు పట్టుకున్నారు. "అలా... కాదు" అంది మళ్ళీ. ఆయన వంగినవారు వంగినట్టే ఆగిపోయి నావైపు చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ చూపులో కోపమేమీ లేదు. పరీక్షగదిలో పాఠం చదవని పిల్లాడి చూపు. నా కాళ్ళు లేవబోయాయి. కూర్చునే ఉన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను చేసిన అతి బరువైన పని అదే.

"కాళ్ళు ముందు కిందికి దించండి. మీ మోకాలు ఆవిడ మోకాలికి ఆనించండి. నడుం చుట్టూ పట్టుకుని, ఊఁ అనండి" అన్నాను కూర్చునే.

"ఊఁ" అన్నారాయన. తల్లీకొడుకులిద్దరూ తూలి, ఒకరినొకరు పట్టుకుని, కుర్చీలో పడ్డారు. అత్తయ్య రేగిన జుట్టు ఆయన నోట్లోకెళ్ళింది. ఆవిడ బాగున్న చేత్తో కొడుకు వీపు మీద తట్టింది. ఆయన కాసేపు అలాగే తల్లి భుజం మీద తల ఆనించి ఉండిపోయారు. అంత దగ్గరగా ఆయన తల్లిని పట్టుకుని ఎన్నాళ్ళయిందో.

"అమ్మా, మిమ్మల్ని రోజూ ఎవరు చూసుకుంటారు?" అని అధికారిణి అత్తయ్యనే అడిగింది. అప్పటిదాకా ఎవరూ ఆవిడను ఏదీ అడగలేదు.

అత్తయ్య వేలు నావైపు తిరిగింది. "ఇది" అంది. తర్వాత చాలా దూరంనుంచి ఇంకో రెండు మాటలు నడిపించుకొచ్చింది. "పనికి... పోనీ."

ఆ అమ్మాయి రాసుకుంటూ తల ఊపింది. "సహాయం తప్పకుండా అవసరమండీ, ఈ వారమే మనిషిని పంపిస్తాం" అంది. "రోజూ ఎంతసేపు కావాలంటారు?"

"పొద్దున ఒక గంట చాలండీ, స్నానం దాకా" అన్నారాయన, చొక్కా సర్దుకుంటూ.

"నేను పనికెళ్ళే వేళనుంచి సాయంత్రం దాకా కావాలి" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఆయన నావైపు తిరిగారు.

"అలాగే పెడదాం. మా సహాయకురాలు సాయంత్రం వెళ్ళిపోతుంది, మీరు షాపునుంచి రావడం ఇంకాస్త ఆలస్యమవుతుంది కదా. ఆ మధ్యలో అమ్మగారి దగ్గర ఎవరుంటారు?" అని ఆ అమ్మాయి నన్నడిగింది.

అంతకు ముందురోజు వరకూ అయితే, షాపులో బతిమాలి త్వరగా వచ్చేస్తానని చెప్పి ఉండేదాన్ని. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ఆవిడకు కొడుకున్నారండీ" అన్నాను.

ఆ అమ్మాయి కలం ఆపి ఆయనవైపు చూసింది. అత్తయ్య కూడా చూసింది. ఆయన తరఫున జవాబు చెప్పడం నాకు ఇస్త్రీ కన్నా పాత అలవాటు. ఈసారి పెదవి బిగబట్టి ఊరుకున్నాను. ఆయన కుర్చీలో ఉన్న తల్లి పక్కకు జరిగి, రాసుకోమని తన పేరు తనే చెప్పారు.