ఫిబ్రవరిలో సముద్రం

ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూనే స్పందన మాట బయటపెట్టింది.

"ఈసారి ఫిబ్రవరిల అండమాన్ పోదాం. అప్పుడు నీళ్లు అద్దంలెక్క ఉంటయట. నోట్ల గొట్టం పెట్టుకొని మీద తేలుకుంట పోతే, కింద చేపలన్నీ కనిపిస్తయట."

భర్త కరుణాకర్ పేపర్లోంచి తలెత్తలేదు. "ఫిబ్రవరిలనా? మిర్చి కోతలుంటయ్ గద."

కోసేది కూలీలు. ఆ పన్నెండు మందికీ పొద్దున్నే అన్నం వండి, మహబూబాబాద్‌లో ఆఫీసుకు ఉరికేది మాత్రం స్పందన.

"పోనీ మార్చిల?"

"హర్షిత్ పరీక్షలు."

రాసేది కొడుకే, పాఠాలు అప్పజెప్పించుకునేది తల్లి. ఏప్రిల్ అనబోతే వంటింట్లోంచి అత్త అందుకుంది. "మామిడికాయ తొక్కు ఎవలు వెడ్తరు బిడ్డా?" మేలో ఆడబిడ్డ పిల్లలు సెలవులకు దిగుతారు. జూన్‌లో విత్తనాలు. కరుణాకర్ లేచి క్యాలెండరు తిప్పి, గొప్ప ఉపకారం చేసినవాడిలా చెప్పాడు. "జులైల పోదాం. ఎవ్వలకు ఇబ్బంది ఉండది."

మరునాడు ఆఫీసులో అన్నం తినే వేళ స్పందన, తనకొచ్చిన హిందీ అంతా కూడగట్టుకుని అక్కడి పడవలాయనకు ఫోన్ చేసింది. జులైలో అలలు లేస్తాయనీ, నీళ్లు మసకబారి చేపలు కనిపించవనీ, పడవలు కూడా ఆపేయొచ్చనీ అతను చెప్పాడు.

ఇంటికొచ్చి చెబితే కరుణాకర్ పెద్దగా నవ్వాడు. "చేపలే గదనే, గింత పరేషానెందుకు? ఆదివారం మార్కెట్ల చూపిస్త. ఒండుకొని తినొచ్చు గూడ."

కొడుకు నవ్వాడు. అత్త నవ్వింది. స్పందనకూ నవ్వొచ్చింది. ఇంట్లో ఒక్కో పనికి ఒక్కో కాలం, అన్ని కాలాలకూ తనొక్కతే. పెళ్లయిన పద్నాలుగేళ్లకు ఒక్క వారం అడిగితే, అందరూ కలిసి వెతికి వెతికి సముద్రం కూడా పనికిరాని నెల తీసిచ్చారు!

నవ్వుతూనే ఆఫీసులో పక్క సీట్లో కూర్చునే భాగ్యకు ఫోన్ చేసింది.

"అక్కా, ఫిబ్రవరి పదికి రెండు టికెట్లు తీస్తున్న. వస్తవా?"

"అడుగుడేంది చెల్లె, తియ్యి! మా తండల గీ పని చేసినోళ్లు ఎవ్వలు లేరు."

కరుణాకర్ పేపరు మడిచాడు. "మరి కోతలు?"

"మీరున్నరు గద. పన్నెండు మందికి ఒండాలె. అన్నం పలుకుంటే తినరు, జర మెత్తగ ఒండుండ్రి."

ఫిబ్రవరి పన్నెండున స్పందన కళ్లకు అద్దాలు తగిలించుకుని నీళ్లలో తల ముంచింది. మొదటిసారి ఉప్పునీళ్లు మింగి, దగ్గి, భాగ్య మెడ పట్టుకుంది. రెండోసారి పసుపుచారల చేపల గుంపొకటి ఆమె ముక్కు ముందు నుంచే తీరిగ్గా పోయింది. పక్కనే ఈదుతున్న గైడ్ పిల్ల కాసేపటికోసారి భుజం తట్టి, వేళ్లతో సున్నా చుట్టి చూపేది. బాగున్నావా అని. జవాబు వచ్చేదాకా అక్కడే ఆగేది.

మూడుసార్లు స్పందన సున్నా చుట్టింది. నాలుగోసారి చెయ్యి లేవలేదు. ఇంట్లో ఇన్నేళ్లలో ఈ మాట అడిగి, జవాబుకోసం ఆగినవాళ్లు ఎవరూ గుర్తురాలేదు. అద్దాల్లోకి నీళ్లెలా వచ్చాయో తెలియక గైడ్ కంగారుగా పట్టీ బిగించింది. వేళయిందని పడవ వైపు చూపించింది.

స్పందన తల అడ్డంగా ఊపి, మళ్లీ నీళ్లలో ముంచింది.